మా ఇంటి ప్లీడరుతో తెగతెంపులు

మొగుడి నుంచి విడిపోవడం నాకు పెద్ద కష్టం కాలేదు. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో కుట్టుమిషను తలకాయ పెట్టుకుని మాచర్లలో బస్సెక్కాను, అంతే. బస్సెక్కించింది కూడా ఆయనే. తువ్వాలు విసిరి కిటికీ పక్క సీటు పట్టాడు. సీటు పట్టడంలో ఆయనకి సాటి వచ్చేవాళ్ళు లేరు. తాతలు దిగొచ్చింది మాత్రం ప్లీడరు నుంచి విడిపోయేటప్పుడే.

అసలాయన నా ప్లీడరు కూడా కాదు, మా నాన్న ప్లీడరు. కొన్ని ఇళ్ళకి ఇంటి పురోహితుడు ఉన్నట్టు మా వైపు రైతు ఇళ్ళకి ఇంటి ప్లీడరు ఉంటాడు. మాకు ఆయన ఎలా దక్కాడంటే, మా మిరప చేనుకీ పక్క చేనుకీ మధ్య ఒక గట్టు ఉండేది. మా నాన్న ఒక ఏడాది దాన్ని కాస్త, మరుసటి ఏడాది ఇంకాస్త దున్ని, చివరికి గట్టు అనేది జ్ఞాపకంలో తప్ప నేలమీద లేకుండా చేశాడు. పక్క చేను ఆయన కోర్టుకెక్కాడు. మా నాన్న నరసరావుపేట వెళ్ళి ఈ ప్లీడరు గారి వసారాలో కూర్చున్నాడు. ఆయన అంతా విని చెప్పింది ఒక్కటే మాట.

“స్వాధీనం మనదేగా? దావా వేసింది వాళ్ళు. ఇంక మనం చెయ్యాల్సింది ఏందయ్యా అంటే, ఏమీ చెయ్యకపోవటమే.”

ఆ ఏమీ చెయ్యకపోవడాన్ని ఆయన ఎంత శ్రద్ధగా చేశాడో చెప్పలేను. నేను గౌన్లు వేసుకునే రోజుల్లో మొదలైన దావా నాకు ఓణీ వేసిన తర్వాత కూడా వాయిదాల మీద వాయిదాలు తింటూనే ఉంది. ఆఖరికి పక్క చేను ఆయన విసుగెత్తి, ఆ చేను అమ్ముకుని పిడుగురాళ్ళ వెళ్ళిపోయాడు. తీర్పు రాలేదు. మా నాన్న గెలిచాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ మొదటి కోత కాయలో మంచివి ఏరి ఒక బస్తా ప్లీడరు గారి ఇంటికి పోతుంది. దేవుడికి రెండో బస్తా.

ఈలోపు నేను ఏడో తరగతిలో బడితో రాజీ కుదుర్చుకున్నాను. దాని జోలికి నేను వెళ్ళను, నా జోలికి అది రాదు. మిషను నేర్చుకున్నాను, పెళ్ళి చేశారు. పెళ్ళికి ప్లీడరు గారు వచ్చారు. అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యి వేసి, “మీకు పొలం ఉందా బాబూ? హద్దులు సర్వే అయినయ్యా?” అని అడిగారు. లేదు, నాపరాళ్ళ పాలిషింగు మిషను దగ్గర పనిచేస్తున్నానని ఆయన చెప్పాడు. ప్లీడరు గారి ముఖంలో దీపం కొండెక్కింది. భోంచేసి వెళ్ళిపోయారు.

మా ఆయన చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు. కాకపోతే ఆ ఇంట్లో మాట్లాడే హక్కు మా అత్త ఒక్కదానిదే. నవ్వే హక్కు ఎవరికీ లేదు. నాకేమో నోట్లో మాట ఆగదు. ఒకరోజు చారు చప్పగా ఏడ్చిందని అత్త అంటే, “నీ కొడుకు కన్నా నయమేలే అత్తా” అన్నాను. దాని మీద మూడు రోజులు పంచాయితీ జరిగింది. ఆ ఇంట్లో అలాంటి పంచాయితీలు రెండేళ్ళలో ఎన్నయ్యాయో! చివరికి “మీ అమ్మాయికి నోరు తగ్గిందాకా మీ దగ్గరే పెట్టుకోండి” అని మా నాన్నకి ఫోను చేసి, పైన చెప్పినట్టు బస్సెక్కించారు. నా నోరు తగ్గలేదు. వాళ్ళ గుమ్మం నుంచి కబురు రాలేదు. రెండేళ్ళు చూసి, విడాకులు వేస్తానన్నాను.

“దానికేముందే, మన ప్లీడరు గారున్నారుగా” అన్నాడు మా నాన్న.

పిటిషను తయారయ్యాక ప్లీడరు గారి గుమాస్తా దాన్ని తెలుగులో నాకు చదివి వినిపించాడు. గుమాస్తా అంటే ప్లీడరు గారి కన్నా ఓ పదేళ్ళు పెద్దాయన. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్ను, దాని పక్కన ఒక బీడీ ఉండేవి. నా రెండేళ్ళ కాపురానికీ, రెండేళ్ళ ఎదురుచూపుకీ కలిపి పిటిషనులో నాలుగు పంక్తులు కేటాయించారు. ఆ తర్వాత, మాచర్లలో మా అత్తగారి ఇల్లు. తూర్పు: బజారు. దక్షిణం: ఫలానా వారి పశువుల కొట్టం. పడమర: మురుగు కాలవ. ఉత్తరం: ఉమ్మడి గోడ. ఈ మధ్యన గల రేకుల ఇల్లు.

“ఏంది బాబాయ్ ఇది? నేనడిగింది విడాకులు. ఆ ఇల్లు నాకిచ్చినా వద్దు.”

“అట్టా అంటే ఎట్టా అమ్మాయ్? ఎక్కడి నుంచి విడిపోతన్నావో కోర్టుకి తెలియొద్దా?”

నిజమే కదా అనుకున్నాను. ఏడో తరగతి చదువు అలాంటి చోట్లే మనిషిని ముంచుతుంది.

కేసు నంబరు పడింది. వాయిదాలు మొదలయ్యాయి. ప్రతి వాయిదాకీ పొద్దున్నే ఆటోలో వెళ్ళడం, వరండాలో గోడకి ఆనుకుని కూర్చోవడం, బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిస్తే లోపలికి పరిగెత్తడం, లోపల రెండు ముక్కలు ఇంగ్లీషులో అనుకుని ఇంకో తారీఖు వెయ్యడం. ఇంటికొచ్చి ఒక లైనింగు పీలిక మీద ఒక రవిక హుక్కు కుట్టేదాన్ని. వాయిదాకొక హుక్కు. మొదట్లో సరదాకి మొదలుపెట్టాను. మూడో ఏడు వచ్చేసరికి ఆ పీలిక మెడలో వేసుకుంటే బొడ్డు దాకా వచ్చేది.

కోర్టు అంటేనే అంత, అందరి కేసులూ ఇలాగే నడుస్తాయి అని సరిపెట్టుకున్నాను, ఒకరోజు చెవులారా వినేదాకా. ఆ రోజు మా ఆయన తరఫు లాయరు లేచి, “మేము సిద్ధమండీ” అన్నాడు, తెలుగులోనే. మా ప్లీడరు గారు నల్ల గౌను సర్దుకుని లేచి, “మాకు టైము కావాలి” అన్నారు. జడ్జీ గారు కళ్ళజోడు పైనుంచి చూసి, “పిటిషను వేసింది మీరే కదండీ?” అని అడిగారు. “అవునండీ. అందుకే” అన్నారు మా ప్లీడరు గారు. ఇంకో హుక్కు.

బయట చెరుకురసం బండి దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

“ఏందండీ ఇది? వాళ్ళు రెడీ అంటే మనం కాదంటిమి?”

“పిచ్చిదానా! అవతలోడు సిద్ధమన్నాడంటే ఏదో మతలబు ఉన్నట్టే. వాళ్ళు తొందరపడేకొద్దీ మనం నిదానించాల. స్వాధీనం మనదేగా?”

“ఎవరి స్వాధీనంలో ఎవరున్నారండీ? ఆయన మాచర్లలో ఉండె. నేను మా నాన్న ఇంట్లో ఉంటిని.”

“నేను చెప్పేదీ అదే. ఎవరి చోట వాళ్ళకి స్వాధీనం ఉంది. ఇంక తొందరేంది?”

ఆ తొందరేందో అప్పటికి నాకే తెలీదు. తెలిసింది ఆ తర్వాత రెండు నెలలకి.

నూజెండ్ల నుంచి ఒకాయన మా ఊళ్ళో ఉన్న వాళ్ళక్కని చూడటానికి వచ్చి, వాళ్ళమ్మ రవిక గుడ్డలూ ఒక కొలత రవికా పట్టుకుని నా మిషను దగ్గరకి వచ్చాడు. భార్య జ్వరమొచ్చి పోయి ఆరేళ్ళయిందట. మిరప, పత్తి వేస్తాడు. కొలత రవిక చూస్తే ఎప్పటిదో.

“పెద్దామె ఇప్పుడు ఇంకొంచెం ఒళ్ళు చేసి ఉంటదిగా. ఎంత వదులు పెట్టమంటారు?”

“రెండేళ్ళు వదులు పెట్టండి. కానీ ఒళ్ళు చేశానంటే మా అమ్మ ఒప్పుకోదు. పాతది ఉతుకులకి ముడుచుకుపోయిందని చెప్తా.”

“రెండేళ్ళంటే వేళ్ళా, ఏళ్ళా? ఏళ్ళయితే నా వల్ల కాదు, కోర్టోళ్ళు పెట్టాల ఆ వదులు.”

ఆయన నా ముఖం చూశాడు. బండి దాకా వెళ్ళాడు. తాళం పెట్టాడు. అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ అంతే, కాస్త ఆలస్యంగా బయల్దేరుతుంది, కానీ మధ్యలో ఎక్కడా ఆగకుండా వస్తుంది. నా జోకుకి పంచాయితీ పెట్టకుండా నవ్విన మగమనిషిని అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

ఆ తర్వాత వాళ్ళమ్మకి రవికల అవసరం చానా పెరిగిపోయింది. నూజెండ్లలో దర్జీలు లేరా అని మా అమ్మ గొణిగింది. అయిదో రవికకి ఆయన విషయం చెప్పాడు. కాగితం చేతికొస్తే పెళ్ళి చేసుకుందామన్నాడు.

“రాకపోతే?”

“మా అక్క వినుకొండలో సంబంధం చూసి పెట్టింది. మా అమ్మ మంచాన పడేట్టుంది, తొందర పెడతన్నారు. మిరప కోతలయ్యేదాకా కుదరదని చెప్పా. ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తోచటంలా.”

అప్పటికి చేలల్లో కాయ ఎరుపెక్కుతోంది. నాకున్న గడువు అదీ. పైగా ఈ సంగతి ఎవరికీ చెప్పడానికి లేదు. మాచర్ల వాళ్ళ చెవిన పడిందంటే, నోరే అనుకున్నాం, గుణం కూడా తెలిసిందని కోర్టులో కూస్తారు. ప్లీడరు గారికీ చెప్పలేను. ఆయనకి చెప్పడమూ మా నాన్నకి చెప్పడమూ ఒకటే.

నరసరావుపేటలో ఒక లాయరమ్మ ఉంది. ఆవిడ నల్లకోటు చేతులు పొడుగైతే నేనే తగ్గించి ఇచ్చాను. ఆవిడ నా కేసంతా విని, ముందు నవ్వి, తర్వాత నవ్వినందుకు నొచ్చుకుంది.

“మీ సాక్ష్యం, వాళ్ళ సాక్ష్యం, వాదన. నాలుగు వాయిదాల పనండీ ఇది. కానీ నేను వకాల్తా వెయ్యాలంటే, దాని మీద మీ పాత లాయరు గారు అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాలి. కేసు కట్ట కూడా ఇవ్వాలి.”

“ఆయన పెట్టకపోతే?”

“కోర్టులో అర్జీ వేసి అడగొచ్చు. దానికి మళ్ళీ వాయిదాలు. అయినా సారు మాకందరికీ పెద్ద. ఆయన్ని కాదని నేను మీ కాగితం ముట్టుకోలేను. మీరే వెళ్ళి మంచిగా అడగండి.”

అంటే విడాకులు ఇప్పించాల్సిన మనిషి దగ్గర ముందు నేను విడాకులు తీసుకోవాలి. అదీ ఆయన ఇష్టపూర్తిగా.

ఇంట్లో చెప్పాను. మా నాన్న అన్నం కంచం ముందు నుంచి లేచాడు.

“ప్లీడరు గారిని మారుస్తావా? ఇంటి మనిషే ఆయన! మొగుణ్ణి మార్చుకో, నేనేం అనను. ఆయన జోలికి మాత్రం పోబాక.”

“మొగుణ్ణి మార్చుకోవాలన్నా ముందు ఆయన్నే మార్చాల నాన్నా” అన్నాను. అని నాలిక కరుచుకున్నాను. మా నాన్నకి ఎక్కలేదు గానీ, పొయ్యి దగ్గర మా అమ్మ అట్లకాడ పట్టుకుని నావైపు తిరిగింది. రవికలు గుర్తొచ్చాయి కాబోలు. మళ్ళీ అటు తిరిగి అట్టు తిప్పింది. ఇక ఆ రోజు నుంచి ఆమె నా వైపే.

డజను బత్తాయిలు పట్టుకుని ప్లీడరు గారి ఇంటికెళ్ళాను. విషయం చెప్పాను. ఆయన కోపం తెచ్చుకుంటాడని, అరుస్తాడని దారి పొడుగునా గుండె గట్టి చేసుకున్నాను. ఆయన అరవలేదు. బత్తాయి ఒకటి వాసన చూసి, “శుక్రవారం రా అమ్మాయ్, చూద్దాం” అన్నారు.

శుక్రవారం వెళ్తే, ఆయన వదినగారి తద్దినం. సోమవారం. సోమవారం వెళ్తే, నా కట్ట బీరువాలో ఉంది, బీరువా తాళం అమ్మగారి దగ్గరుంది, అమ్మగారు కోటప్పకొండ వెళ్ళారు. గురువారం. నేను గుమ్మం దిగుతుంటే గుమాస్తా చెవి మీద పెన్ను తీసి డైరీలో ఆ తారీఖు రాసుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఈయన నన్ను వదలడానికి కూడా వాయిదాలు వేస్తున్నాడు!

గురువారం వెళ్ళేసరికి వసారాలో మా నాన్న, మా పెదనాన్న, మా ఊరి సొసైటీ ప్రెసిడెంటు కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. ప్లీడరు గారే కబురు పెట్టి పిలిపించారట. అమ్మాయికి ఏదో మనసు విరిగినట్టుంది, కూర్చోబెట్టి మాట్లాడుకుందాం అని.

“ఇన్నేళ్ళ బంధం అమ్మా. చిన్న చిన్న మాటలకి తెంచుకుంటారా?” అన్నాడు పెదనాన్న.

“ఆయన తరఫు ఏదన్నా లోటుంటే మేం చెప్తాం. నువ్వూ కొంచెం సర్దుకోవాల” అన్నాడు ప్రెసిడెంటు.

“నలుగురూ ఏమనుకుంటారే?” అన్నాడు మా నాన్న.

మాచర్ల నుంచి నేను వచ్చిన వారం, ఇదే ముగ్గురు, ఇవే మాటలు, ఇదే వరసలో అన్నారు. ఒక్క అక్షరం మార్చలేదు.

“పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది పెదనాన్నా. ఉంటే ఎవరి దగ్గర ఉండాలని ఇంకో కేసు పడేది” అన్నాను. ప్రెసిడెంటు ఫక్కున నవ్వి, మా నాన్నని చూసి దగ్గు కింద మార్చుకున్నాడు. పంచాయితీ తేలలేదు. వచ్చే గురువారానికి పడింది.

అప్పటికి మొదటి కోత అయిపోయింది. మా చేలోనే కాదు, అన్ని చేలల్లోనూ. ఆటోల్లో కూలీలు కోతలకి పోతుంటే చూడలేకపోయేదాన్ని. ఒక్కో ఆటో నూజెండ్లే పోతున్నట్టుండేది. ఇంట్లో కూర్చుంటే లాభం లేదని, ఒక పొద్దున హుక్కులు కుట్టాల్సిన రవికల మూట, అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళి ప్లీడరు గారి వసారాలో కక్షిదారుల బల్ల మీద నడిమధ్యన కూర్చున్నాను.

“ఏందమ్మాయ్, ఇయ్యాళ నీ తారీఖు కాదుగా” అన్నాడు గుమాస్తా.

“పని మీద రాలేదులే బాబాయ్. ఇక్కడ వెలుతురు బాగుంది.”

మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు. రెండో రోజు ముప్పాళ్ళ నుంచి వచ్చిన ఒక రైతు బల్ల చివర ఒదిగి కూర్చుని, నీ కేసేంది తల్లీ అని అడిగాడు. చెప్పాను. పిటిషనులో హద్దుల దగ్గరకొచ్చేసరికి ఆయన పై కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఆయన వెళ్ళి ఇంకొకరికి చెప్పాడు. మూడో రోజుకి, కేసు లేనివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటున్నారు. లోపల నుంచి అమ్మగారు కాఫీ ఇచ్చి, నా పక్కన చేరి, సాయంత్రానికి తన రవికలు నాలుగు తెచ్చి నా మూటలో వేశారు. “చంకల్లో పట్టేస్తన్నయ్యే, చూడు” అన్నారు.

నాలుగో రోజు ప్లీడరు గారు కోర్టు నుంచి మధ్యాహ్నమే వచ్చేశారు. తన భార్య రవిక నా చేతిలో ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు.

“ఏందమ్మాయ్ ఇది? ఎన్నాళ్ళు కూర్చుంటావు?”

“బల్ల నా స్వాధీనంలో ఉందండీ. కావాలంటే మీరు దావా వేసుకోండి. నాకేం తొందర లేదు.”

గుమాస్తా చెవి మీది బీడీ కింద పడింది. ప్లీడరు గారు మాత్రం నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశారు. తన విద్య ఎదటి మనిషి చేతిలో కనిపిస్తే గురువు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. లోపలికి రమ్మన్నారు. ఎదురుగా కూర్చోబెట్టారు. నా మూటలోంచి వేలాడుతున్న హుక్కుల పీలిక చూసి, ఇదేంటన్నారు.

“మీరిప్పించిన వాయిదాలండీ. ఇరవై ఆరు.”

ఆయన దాన్ని బల్ల మీద పరుచుకుని, ఒక్కో హుక్కునీ వేలితో తడుముతూ చివరిదాకా వెళ్ళారు. పీలికని మడిచి నా ముందు పెట్టారు.

“నా దగ్గరికి విడాకులని పదకొండు మంది వచ్చార్రా అమ్మా ఇన్నేళ్ళలో. తొమ్మిది జంటలు మళ్ళీ కలిసినయ్. ఎట్టా కలిసినయ్యి? నేను లాగాను గనక. లాగేకొద్దీ కోపాలు చల్లారతయ్. నువ్వూ పోతావనే అనుకున్నా. మీ నాన్న కూడా అదే అన్నాడు.”

“మా నాన్న ఏమన్నాడండీ?”

“మా అమ్మాయి నవ్వుతానే ఉంది ప్లీడరు గారూ, దానికి అంత బాధేం లేదు, కొంచెం లాగండి, సర్దుకుపోయిద్ది అన్నాడు. మాటిచ్చా మరి.”

అప్పుడు అర్థమైంది నాకు. ఈయన చేతకాని ప్లీడరు కాదు. మూడేళ్ళుగా నా కేసుని వాయిదా తప్పకుండా గెలుస్తూనే ఉన్నాడు. కాకపోతే ఆ కేసు మా నాన్నది. నేను అవతలి పార్టీని.

ఏదో ఒక వెటకారం నోటిదాకా వచ్చింది. ఎప్పుడూ వస్తుంది. దాన్ని మింగేశాను. మింగడం అంత కష్టమని నాకు ఆరోజే తెలిసింది.

“నేను నవ్వకుండా చెప్తా వినండి. నూజెండ్లలో ఒకాయన ఉన్నాడు. నన్ను చేసుకుంటానన్నాడు. మిరప కోతలయ్యేదాకా ఆగుతానన్నాడు. రెండో కోత నడస్తంది. నేను మాచర్ల పోను. మీరు ఇంకో ఇరవై ఆరు లాగినా పోను. ఈయన కూడా పోతే ఇంక నేను ఎక్కడికీ పోను, ఈ బల్ల మీదే ఉంటా.”

 ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ ముక్క ముందే చెప్పొద్దా” అన్నారు. గుమాస్తాని పిలిచి కట్ట తెమ్మన్నారు. అది బీరువాలో లేదు, ఆయన కుర్చీ పక్కన అరలోనే ఉంది. లాయరమ్మ రాసిచ్చిన కొత్త వకాల్తా నా చేతిలోంచి తీసుకుని, అభ్యంతరం లేదని రాసి, సంతకం పెట్టారు. అంతా కలిపి ఒక నిమిషం. మూడు వారాలుగా నేను తిరుగుతున్నది ఆ నిమిషం కోసం.

కాగితం నా చేతికి ఇస్తూ, పట్టు వదలకుండానే అడిగారు.

“నూజెండ్ల ఆయనకి పొలం ఉందా?”

“ఉందండీ. మిరప, పత్తి.”

“హద్దులు?”

“ఉత్తరం వైపు ఏదో తగాదా ఉందంట.”

నా మొదటి పెళ్ళినాడు కొండెక్కిన దీపం మళ్ళీ వెలిగింది. కాగితం వదిలారు.

ఇంటికెళ్ళి మా నాన్నకి చెప్పాను, ప్లీడరు గారు సంతకం పెట్టారని. “పెట్టాడా?” అన్నాడు, తనకి విడాకులిచ్చినట్టు. కేసు లాగమన్నది నువ్వేనట కదా అని కూడా అన్నాను. మా నాన్న కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

“నువ్వు నవ్వుతా ఉంటివి గదే. బాధ ఉన్నోళ్ళు అట్టా నవ్వుతారా?”

నేను కంచం తెచ్చి ఆయన ముందు పెట్టి అన్నం వడ్డించాను. 

లాయరమ్మ అన్నమాట ప్రకారమే నాలుగు వాయిదాల్లో పని కానిచ్చింది. బోనులో మా ఆయన్ని, భార్యతో కలిసుండే ఉద్దేశం ఉందా అని అడిగారు. ఆయన అలవాటుగా వెనక్కి తిరిగి వాళ్ళమ్మ కోసం చూశాడు. ఆవిడ వరండాలో ఉంది. “లేదండీ” అన్నాడు. నాకు తెలిసి ఆయన సొంతంగా చెప్పిన మొదటి మాట అది. తీర్పు రోజున బయట ఎదురుపడి, కాసేపు చెప్పులకేసి చూసుకుని, “బస్సుకి సీటు పట్టనా?” అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నన్ను చూసి ఆయనా నవ్వాడు. మా కాపురం మొత్తంలో ఇద్దరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

కోర్టు గేటు దగ్గర నుంచే నూజెండ్లకి ఫోను చేశాను. ఎండలు ముదిరిపోయాయి. అప్పటికి మా ఊళ్ళో కోతలైపోయి, కల్లాల్లో కాయ కూడా ఎత్తేశారు.

“కోతలు అయిపోయినయ్యా?” అని అడిగాను. అంతకన్నా ఏమడగాలో తెలియలేదు.

“మూడు వారాలైంది.”

వినుకొండ సంబంధం ఖాయమైపోయిందా అని అడగబోయాను. ఈలోపు ఆయనే అందుకున్నాడు.

“గట్టు పక్కన ఒక సాలు కొయ్యకుండా వదిలేశా. మా అక్క అడిగినప్పుడల్లా ఇంకా కోత అవలేదని చెప్తన్నా. ఎండి తాలైపోయినయ్ గానీ, చెట్టు మీదే ఉన్నయ్. కాగితం వచ్చిందా?”

వచ్చిందని చెప్పాను. ఆలస్యంగా నవ్వాడు.

అప్పీలు గడువు దాటాక పెళ్ళి చేసుకున్నాం. పెళ్ళి జరిగిన మూడో నెలకి ఉత్తరం వైపు చేను ఆయన మా మీద దావా వేశాడు. ఆ సాలు ఉన్న గట్టు తనదంటాడు. గట్టు మాత్రం మా చేతిలో ఉంది. ఏ ప్లీడరు దగ్గరకెళ్దామని మా ఆయన అడిగితే, నేను ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. లాయరమ్మ మంచిదే, కానీ ఆవిడ చేతికిస్తే నాలుగు వాయిదాల్లో తేల్చేస్తుంది.

ఆ వసారా, ఆ బల్ల అలాగే ఉన్నాయి. ప్లీడరు గారు అంతా విని, “స్వాధీనం మనదేగా?” అన్నారు. మొన్ననే తొమ్మిదో వాయిదా అయింది. గుమాస్తా చెవి మీది పెన్ను తీసి డైరీలో తర్వాతి తారీఖు రాసుకుంటుంటే, నేను తొంగి చూశాను.

“ఇంకొంచెం దూరంగా అడగకూడదా బాబాయ్?”